చిన్నా, సేల్స్‌ఫోర్స్‌ని పవర్ బీఐకి కలిపే ముందు ఇది చదువు

చిన్నా,

సోమవారానికల్లా కస్టమర్ల, అమ్మకాల వివరాలుండే సేల్స్‌ఫోర్స్ డేటాతో, గ్రాఫులు వేసుకునే పవర్ బీఐలో డాష్‌బోర్డ్ ఇమ్మన్నారని నిన్న కంగారుగా ఫోన్ చేశావ్, నేను పొయ్యి దగ్గరుండి సరిగ్గా మాట్లాడలేకపోయా, అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నా. కనెక్ట్ చెయ్యడం పది నిమిషాల పనేరా, దానికి భయపడకు. పవర్ బీఐలో గెట్ డేటా నొక్కి సేల్స్‌ఫోర్స్ అని కొడితే రెండొస్తాయి, ఆబ్జెక్ట్స్ (అసలు టేబుల్స్) ఒకటి, రిపోర్ట్స్ (సేల్స్‌ఫోర్స్‌లో ముందే చేసి పెట్టుకున్నవి) ఒకటి. నువ్వు ఆబ్జెక్ట్సే తీసుకో.

నేను కొత్తలో రిపోర్ట్సే తీసుకున్నా. సేల్స్ వాళ్ళు చక్కగా రిపోర్ట్ చేసి పెట్టుకున్నారు కదా, మళ్ళీ టేబుల్స్ కలుపుకుంటూ కూర్చోడం ఎందుకనుకున్నా. గ్రాఫులన్నీ వేసి మీటింగ్‌లో పెడితే సేల్స్ హెడ్ ఓ నిమిషం చూసి "ఇందులో మా వైజాగ్ ఏదమ్మా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. తర్వాత తెలిసింది, రిపోర్ట్స్ దారిలో 2,000 వరసల వరకే వస్తాయి, ఆ పైవి రావు, ఎర్రర్ కూడా చూపించలేదు. మా రిపోర్ట్ బ్రాంచ్ పేర్ల అక్షరక్రమంలో ఉండేది, వైజాగ్ అట్టడుగున ఉంది, మొత్తం ఎగిరిపోయింది. అప్పట్నుంచీ డేటా లోడ్ అవ్వగానే ముందుగా వరసలన్నీ లెక్కపెట్టి సేల్స్‌ఫోర్స్‌లో ఉన్న సంఖ్యతో సరిచూసుకుంటా, ఆ తర్వాతే గ్రాఫ్ జోలికి వెళ్తా.

ఇంకోటి, ఐడీలు, అంటే ఒక్కో రికార్డ్‌కీ సేల్స్‌ఫోర్స్ ఇచ్చే గుర్తు. ఆబ్జెక్ట్స్ నుంచి వచ్చే ఐడీలో 18 అక్షరాలుంటాయి, సేల్స్‌ఫోర్స్ రిపోర్ట్‌ని ఎక్సెల్‌లోకి దించుకుంటే మాత్రం 15 వస్తాయి. ఆ 15లో చిన్న ఏ, పెద్ద ఏ వేరువేరు, కానీ పవర్ బీఐ మోడల్‌కి రెండూ ఒకటే, దాంతో ఇద్దరు కస్టమర్లు ఒక్కరైపోతారు. టార్గెట్ల ఎక్సెల్ షీట్ ఎవరైనా ఇస్తే 18 అక్షరాల ఐడీతోనే ఇమ్మను.

టైమ్ కూడా చూసుకో. క్రియేటెడ్ డేట్ (రికార్డ్ పుట్టిన తేదీ, టైమ్) సేల్స్‌ఫోర్స్ లోపల యూటీసీలో, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ టైమ్‌లో ఉంటుంది, స్క్రీన్ మీద మాత్రం మన టైమ్‌కి మార్చి చూపిస్తుంది. జూలై 1 తెల్లవారుజామున 2 గంటలకి వెబ్‌సైట్‌లో పడ్డ లీడ్ (కొనొచ్చనుకునే కొత్త మనిషి వివరాలు) యూటీసీలో జూన్ 30 రాత్రి 8:30 కింద ఉంటుంది, అంటే నెలే మారిపోతుంది. ఒక్క రికార్డ్ తీసుకుని సేల్స్‌ఫోర్స్ స్క్రీన్, పవర్ బీఐ పక్కపక్కన పెట్టి చూడు, తేడా ఉంటే పవర్ క్వెరీలో (పవర్ బీఐలో డేటా సరిచేసుకునే చోటు) ఐదున్నర గంటలు కలుపు. క్లోజ్ డేట్‌కి (డీల్ ముగిసే తేదీ) మాత్రం కలపకు, అది ఉత్త తేదీ, దానికి టైమ్ ఉండదు.

రిఫ్రెష్ (కొత్త డేటా దానంతటదే తెచ్చుకోవడం) గురించి పెద్దగా ఆలోచించకు, ప్రో లైసెన్స్‌తో రోజుకి 8 సార్లు పెట్టుకోవచ్చు, సేల్స్‌ఫోర్స్ ఉండేది క్లౌడ్‌లోనే కాబట్టి గేట్‌వే (ఆఫీస్ కంప్యూటర్లలోని డేటాని క్లౌడ్‌కి చేర్చే వంతెన) అక్కర్లేదు.

కానీ ఎవరి లాగిన్‌తో కనెక్ట్ చేస్తున్నావో అది మాత్రం బాగా ఆలోచించు. నీ సొంత లాగిన్ వద్దురా, రేపు నువ్వు మానేస్తే రిపోర్ట్ ఆగిపోతుంది. అడ్మిన్‌ని అడిగి ఈ పనికోసమే ఒక యూజర్ చేయించుకో, దానికి ఏపీఐ పర్మిషన్ (వేరే సాఫ్ట్‌వేర్ డేటా తీసుకునే అనుమతి) ఉండాలి. ఆ యూజర్‌కి ఏం కనిపిస్తుందో అదంతా పవర్ బీఐలోకి వచ్చేస్తుంది, సేల్స్‌ఫోర్స్‌లో ఎవరి కస్టమర్లు వాళ్ళకే కనపడాలని పెట్టుకున్న కట్టుబాట్లేవీ ఇక్కడికి రావు. వరసల వారీ సెక్యూరిటీ, అంటే ఎవరికి ఏ వరసలు కనపడాలన్నది, పవర్ బీఐలో నువ్వే పెట్టాలి. కస్టమర్ల ఫోన్ నంబర్లు, మెయిల్స్ డాష్‌బోర్డ్‌కి అవసరం లేకపోతే ఆ కాలమ్స్ అసలు తేకు, జనం మనల్ని నమ్మి ఇచ్చినవి అవి.

పైప్‌లైన్ (ఇంకా నడుస్తున్న డీల్స్) పోయిన నెల ఎలా ఉందో చూపించమని కూడా అడుగుతారు చూడు. డీల్స్ ఉండే ఆపర్చునిటీ టేబుల్‌లో ఇవాళ డీల్ ఏ స్టేజ్‌లో ఉందో అదే ఉంటుంది, పాతదాని మీదే కొత్తది రాసేస్తారు. దానికి ఆపర్చునిటీ హిస్టరీ టేబుల్ కూడా తెచ్చుకో.

రేపు ఆఫీస్‌కి వెళ్ళగానే ఆ వరసల లెక్క చూసి రెండు సంఖ్యలూ నాకు వాట్సాప్ చెయ్యి, కలవకపోతే రాత్రి తొమ్మిదికి ఫోన్ చెయ్, ఇద్దరం కలిసి చూద్దాం.

పిన్ని