నాలుగు లైన్ల 5512కి ఎక్కువ పెట్టొచ్చా?

రోలెక్స్ పాత డైవింగ్ వాచీలు సబ్‌మెరైనర్ 5512, 5513 చూడ్డానికి ఒకేలా ఉన్నాయని, డయల్ మీద నాలుగు లైన్లున్న 5512ని అమ్మే ఆయన "క్రోనోమీటర్ (కచ్చితత్వ పరీక్ష నెగ్గిన వాచీ) కదా, టైమ్ కచ్చితం" అంటూ ఎక్కువకి చెబుతున్నారని మీరు రాశారు. ఎక్కువ పెట్టొచ్చు, కానీ ఆయన చెప్పిన కారణానికి కాదు.

నేను చాలా ఏళ్లుగా 5513 కట్టుకుంటున్నాను. నా స్నేహితుడి దగ్గర నాలుగు లైన్ల 5512 ఉంది. సర్వీసుకి ఇచ్చినప్పుడు రెండింటి మెషిన్లూ దగ్గర్నుంచి చూశాను.

5513 డయల్ కింది భాగంలో మోడల్ పేరు, 200 మీటర్ల లోతు, అంతే. 5512లో వాటి కింద సర్టిఫికేషన్ తాలూకు రెండు లైన్లు అదనం. 1959లో వచ్చిన తొలి 5512లకి మాత్రం ఆ లైన్లు లేవు. వాటిలో ఉన్నది సర్టిఫై చేయని 1530 నంబర్ మెషిన్. తర్వాత 1560, ఆపైన 1570 వచ్చాయి. 5513లో ముందు 1530, తర్వాత 1520.

అసలు తేడా 1570, 1520 పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. రెండూ గంటకి 19,800 బీట్లే. 1570 హెయిర్‌స్ప్రింగ్ (టైమ్ నడిపే బ్యాలెన్స్ చక్రాన్ని అటూ ఇటూ ఊగించే సన్నటి స్ప్రింగ్) చివరి చుట్టు పైకి లేచి లోపలికి వంగి ఉంటుంది. దాంతో స్ప్రింగ్ అన్ని వైపులా సమానంగా విచ్చుకుంటుంది, వాచీని ఏ పక్కకి తిప్పినా వేగం పెద్దగా మారదు. వేగం సరిచేయడానికి బ్యాలెన్స్ చక్రం మీదే చిన్న మైక్రోస్టెల్లా నట్లు ఉంటాయి. 1520లో స్ప్రింగ్ చదునుగా ఉంటుంది, రెగ్యులేటర్ మీటని జరిపి సరిచేస్తారు. 1520లో 17 జ్యువెల్సే (అరుగుదల తగ్గించే చిన్న రాళ్లు) కనిపిస్తే కంగారు పడకండి. అమెరికాలో దిగుమతి సుంకం తగ్గడానికి అలా చేసినవి ఉన్నాయి.

ఇక సర్టిఫికెట్. స్విట్జర్లాండ్‌లో 1973లో సీఓఎస్‌సీ అనే అధికారిక క్రోనోమీటర్ పరీక్షా సంస్థ ఏర్పడింది, అంతకుముందు బీల్ లాంటి ఊళ్లలో అధికారిక కేంద్రాలు పరీక్షించేవి. సీఓఎస్‌సీ పరీక్ష 15 రోజులు, 5 భంగిమల్లో, 3 ఉష్ణోగ్రతల దగ్గర జరుగుతుంది. రోజు సగటు -4 నుంచి +6 సెకన్ల లోపు ఉండాలి. అది కొత్త మెషిన్‌కి, కేసులో బిగించకముందు పెట్టే పరీక్ష. యాభై ఏళ్ల తర్వాత నూనె ఎండిపోతే ఆ కాగితం ఏం కాపాడుతుంది? నా స్నేహితుడి 5512 సర్వీసుకి ముందు దారుణంగా వెనకబడేది. అప్పటికే సర్వీసైన నా 5513 దానికంటే ఎంతో నిలకడగా నడిచేది. సర్వీసయ్యాక మాత్రం 5512దే పైచేయి, ముఖ్యంగా రాత్రి ఏ పక్కకి పెట్టినా.

డయల్ మార్చడం పెద్ద పనేం కాదు. అందుకే పట్టీ తీయించి లగ్స్ (పట్టీ తగిలించే కొమ్ములు) మధ్య చూడండి: 12 వైపు మోడల్ నంబర్, 6 వైపు సీరియల్ నంబర్ ఉంటాయి. వెనక మూత తెరిపించి మెషిన్ మీద 1560 లేదా 1570 ఉందో లేదో చూడండి. డయల్ పైకి, డయల్ కిందికి, కిరీటం (కీ తిప్పే బొడిపె) కిందికి పెట్టి టైమ్‌గ్రాఫర్ (వాచీ వేగం కొలిచే యంత్రం) రీడింగులు అడగండి. ఇవన్నీ సరిపోతే ఆ మెషిన్‌కి ఎక్కువ పెట్టడం న్యాయమే. మూత తెరవనంటే వదిలేయండి. ఏది కొన్నా ప్రెజర్ టెస్ట్ చేయించకుండా నీళ్లలోకి మాత్రం దింపొద్దు.