సమాధానం: పెళ్లి జాకెట్టు సైజు దొరకట్లేదంటే

చెల్లీ, జగదాంబ దగ్గర బొటిక్‌లో రెడీ జాకెట్లు 38 దాకానే ఉన్నాయని, పెళ్లిలోపు తగ్గమని అన్నారని రాశావు. చదివి చాలా బాధేసింది. తగ్గక్కర్లేదు, నీ కొలతకే కుట్టించుకో.

ముందు పట్టుచీరతో వచ్చే జాకెట్టు ముక్క కొలిచి చూడు. మామూలుగా 80 సెంటీమీటర్లే ఉంటుంది; నిండు చేతుల జాకెట్టుకు చాలదు. ఉప్పాడ చీర నేయిస్తుంటే మీటరు ముక్క కావాలని ముందే చెప్పు. పెళ్లిరోజు వేసుకునే బ్రాతోనే కొలతలివ్వు. చేయి మడిచి జబ్బ కొలవమను. తలంబ్రాలు పోసేటప్పుడు పట్టేసేది అక్కడే! ప్రిన్సెస్ కట్ (ఛాతీ మీదుగా నడుము దాకా నిలువు కుట్లు వచ్చేది) అడుగు, పక్క కుట్లలో చెరో అంగుళమున్నర గుడ్డ వదిలించు. మన వైజాగ్ ఉక్కకి లైనింగ్ కాటన్‌దే వేయించు. పట్టు కత్తిరించకముందే మల్లు గుడ్డతో (పల్చటి నూలు గుడ్డ) ఒకటి కుట్టించి వేసి చూసుకో. ఇది మాత్రం మానొద్దు.

2016లోనే లాక్మే ఫ్యాషన్ వీక్‌లో ప్లస్ సైజ్ (బొద్దుగా ఉండే) మోడళ్లు ర్యాంప్ నడిచారు. డిజైనర్ సబ్యసాచి పెళ్లి నగల, చీరల ఫొటోల్లో మోడల్ వర్షిత తటవర్తిని చూడు, ఎంత నిండుగా ఉంటుందో. ఆ ఫొటోలు టైలర్‌కి చూపించు. అయినా ఒళ్లు తగ్గించుకోమంటే, అడ్వాన్స్ ఇవ్వకుండా వచ్చేయ్.