అభిషేకం ఎవరికి, ఎందుకు?

ప్రశ్న: మాది సికింద్రాబాద్, మెట్టుగూడ. మా అన్న కొడుకు త్వరలో మా సంఘంలో పాస్టర్‌గా బాధ్యత తీసుకుంటున్నాడు. ఆహ్వానపత్రికలో ‘అభిషేక మహోత్సవం’ అని వేయించబోతే, మా అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒక పెద్దాయన చూసి, “అభిషేకం దేవుడికి చేస్తారు గానీ మనిషికి చేయడమేమిటమ్మా? పైగా అది గుళ్లో మాట కదా!” అన్నారు. మా సంఘంలోనేమో ‘ఆయన వాక్యంలో అభిషేకం ఉంది’, ‘రెండంతల అభిషేకం’, ‘అభిషేక తైలం’ అనే మాటలు రోజూ వింటాం. ఆయనకు ఏం చెప్పాలో తెలియలేదు. క్రైస్తవంలో ఈ మాటకు అసలు అర్థమేమిటి? కార్డులో ‘అభిషేకించబడిన’ అని వేయాలా, ‘అభిషిక్తుడైన’ అని వేయాలా? – ఒక పాఠకురాలు

సమాధానం: ముందు ఆ పెద్దాయన సందేహం తీరుద్దాం. అభిషేకం దేవుడికే అన్నది ఇప్పటి వాడుకను బట్టి కలిగే అభిప్రాయం. రుద్రాభిషేకం, పంచామృతాభిషేకం, శనివారం నాడు శనీశ్వరుడికి తైలాభిషేకం రోజూ చెవినపడతాయి కాబట్టి అలా అనిపిస్తుంది. కానీ రాజులకు జరిగింది కూడా అభిషేకమే. అమరకోశం క్షత్రియుడికి చెప్పిన పర్యాయపదాల్లో మొట్టమొదటిది ‘మూర్ధాభిషిక్తుడు’. మూర్ధం అంటే తల. తల మీద అభిషేకం జరిగినవాడని అర్థం. భద్రాచలంలో శ్రీరామనవమి నాడు కల్యాణం, మర్నాడు పట్టాభిషేకం. నుదుట పట్టం కట్టి, తల మీద పుణ్యజలాలు పోసి సింహాసనం మీద కూర్చోబెట్టడం ఆ మాటలోనే ఉంది. కాబట్టి మనిషికి అభిషేకమేమిటని రాముణ్ణి తలుచుకునేవారెవరూ అడగనక్కర్లేదు. ఇక ఈ రోజుల్లో, పథకం ప్రకటించిన ప్రతిసారీ నాయకుల ఫ్లెక్సీలకు, సినిమా విడుదలైన ప్రతిసారీ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో హీరోల కటౌట్లకు పాలాభిషేకాలు జరుగుతున్న ఊళ్లో కూర్చుని, ఈ మాట గుడిది మాత్రమే అనడం కష్టం.

తెలుగులోకి బైబిలును తెచ్చినవారు అభిషేకం అనే మాటను ఈ రాజుల వాడుకలోంచే తీసుకున్నారు. తీసుకున్నప్పుడు ఒక చిక్కు వచ్చింది. వాళ్లు దాన్ని దాటిన తీరు నాకు ముచ్చటగా ఉంటుంది.

అభిషేకంలో ఉన్నది ‘సిచ్’ ధాతువు. పోయడం, తడపడం, చిలకరించడం దాని అర్థాలు. అందులో ప్రధానమైనది నీరు. హీబ్రూలో ఉన్న ‘మాషహ్’ అనే క్రియకు అర్థం రాయడం, పూయడం. అందులో ప్రధానమైనది నూనె. ఆ క్రియను డాలుకు చమురు రాయడానికి, అప్పడాలకు నూనె రాయడానికి, ఇంటికి రంగు వేయడానికి, రాజును నియమించడానికి, అన్నిటికీ వాడారు. ఆ నూనె రాయించుకున్నవాడు ‘మాషీయహ్’. అదే అరమాయిక్, గ్రీకుల మీదుగా మనకు ‘మెస్సీయ’ అయింది. గ్రీకువాళ్లు తమ భాషలో ‘ఖ్రియో’ అనే క్రియ నుంచి చేసుకున్న మాట ‘ఖ్రిస్తోస్’, మన ‘క్రీస్తు’. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో ‘మెస్సీయ అను మాటకు అభిషిక్తుడని అర్థము’ అని విప్పి చెప్పారు కూడా. అంటే క్రీస్తు అన్నది యేసుకు ఇంటిపేరు కాదు, బిరుదు. పౌలు లేఖల్లో ‘యేసు క్రీస్తు’ అనీ ‘క్రీస్తు యేసు’ అనీ రెండు వరుసల్లోనూ కనిపించేది అందుకే. అంతియొకయలో శిష్యులకు మొదటిసారి ‘క్రైస్తవులు’ అనే పేరు పడింది కూడా ఈ బిరుదు మీదుగానే.

ఈ మాషహ్ ధాతువు మన హైదరాబాదులో ఇంకో చోట కూడా వినిపిస్తుంది. మక్కా మసీదు హౌజు దగ్గర, నమాజుకు ముందు వజూ చేసుకునేవారిని గమనించండి. ముఖం, మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాక, కాళ్లు కడుక్కోబోయే ముందు, తడిచేసిన అరచేతులతో తల నిమురుకుంటారు. దాన్ని ‘మసహ్’ అంటారు. ఉర్దూలో యేసును ‘ఈసా మసీహ్’ అంటారు. అరబ్బీ మసహ్, హీబ్రూ మాషహ్ ఒకే కుదుటి మాటలు.

నూనె రాయడమే అసలు అర్థమైతే సంస్కృతంలో దానికి సరిగ్గా అతికే మాట వేరే ఉంది. ‘అంజ్’ ధాతువు. పూయడమనే అర్థం దానిదే. కళ్లకు పెట్టుకునే అంజనం, పండగనాటి అభ్యంజనం, అభ్యంగనం, అన్నీ అక్కడి నుంచి వచ్చినవే. మరి అభ్యంగనం అనకుండా అభిషేకం అన్నారెందుకు? అభ్యంగనం అనగానే తెలుగువాడికి నువ్వుల నూనె, నలుగుపిండి, కుంకుడురసం, వేణ్ణీళ్లు గుర్తొస్తాయి. ‘సమూయేలు ప్రవక్త దావీదుకు అభ్యంగనం చేశాడు’ అంటే కుర్రాడికి తలంటి పోశాడనుకుంటారు. రాజును చేశాడన్నది పూర్తిగా పోతుంది. పైగా అక్కడ జరిగింది మర్దనా కాదు. సమూయేలు మొదటి రాజు సౌలు తల మీద బుడ్డిలోని తైలం పోశాడు, దావీదు దగ్గరికి తైలపు కొమ్ముతో వెళ్లాడు. యాజకుడు అహరోను తల మీద పోసిన తైలం గడ్డం మీదుగా కారిందని కీర్తన చెబుతుంది. జరిగింది పోయడమే కాబట్టి, నీటి బదులు నూనె అయినా అభిషేకం అన్న మాట సరిపోయింది. నా మటుకు ఆ ఎంపిక సరైనదే.

అయితే ‘తలంటు’ను వాళ్లు వదిలేయలేదు. 23వ కీర్తనలో ‘నూనెతో నా తల అంటియున్నావు’ అని ఉంది కదా. అక్కడ ఎవరినీ రాజును చేయడం లేదు, విందుకు వచ్చిన అతిథిని ఆదరించడం. హీబ్రూ మూలంలో కూడా అక్కడ మాషహ్ లేదు, వేరే క్రియ ఉంది. ఉపవాసం ఉన్నప్పుడు ‘నీ తల అంటుకొని, నీ ముఖము కడుగుకొనుము’ అన్నచోటా అంతే. లూకా 7వ అధ్యాయం చూడండి: ‘నూనెతో నీవు నా తల అంటలేదు గాని ఈమె నా పాదములకు అత్తరు పూసెను’. గ్రీకులో రెండుచోట్లా ఒకే క్రియ, ‘అలైఫో’. తెలుగులో తలకైతే అంటారు, పాదాలకైతే పూశారు. పాదాలు ‘అంటడం’ మనకు లేదు మరి. యాకోబు పత్రికలో రోగికి సంఘపెద్దలు ‘నూనె రాచి’ ప్రార్థన చేయాలన్నచోట కూడా గ్రీకు మాట అలైఫోయే, తెలుగు మాట మళ్లీ మారింది. మగ్దలేనే మరియ మొదలైన స్త్రీలు సమాధి దగ్గరికి సుగంధద్రవ్యాలు తీసుకెళ్లింది ‘పూయవలెనని’. అంటడం, రాయడం, పూయడం అనే ఇంటి మాటలు ఇంటి పనులకు ఉంచి, అభిషేకాన్ని నియామకానికి అట్టిపెట్టారు. ఈ తేడా తెలిస్తే మీ సంఘంలో వింటున్న ప్రయోగాలు సగం వాటంతట అవే తేలిపోతాయి.

మీరు అడిగిన అసలు అర్థం ఇక్కడే ఉంది. గుడిలో ‘శివుడికి అభిషేకం చేశారు’ అంటే వాక్యం పూర్తయింది. బైబిలులో ‘అభిషేకించెను’ అంటే ఇంకో ముక్క కావాలి: రాజుగానా, యాజకుడిగానా, ప్రవక్తగానా? ఎలీషాను ప్రవక్తగా అభిషేకించమని ఏలీయా ప్రవక్తకు దేవుడి ఆజ్ఞ. నజరేతు సమాజమందిరంలో యేసు చదివిన యెషయా వాక్యంలో ‘బీదలకు సువార్త ప్రకటించుటకై’ అన్నది ముందు వచ్చి, ‘ఆయన నన్ను అభిషేకించెను’ అన్నది తర్వాత వస్తుంది. ‘గా’ అనో ‘టకై’ అనో లేని అభిషేకం అక్కడ సాధారణంగా ఉండదు. గుడిలో పోసేది భక్తుడు, పోయించుకునేది దేవుడు. ఇక్కడ పోసే చెయ్యి ప్రవక్తదే అయినా పోసేవాడు దేవుడు, పోయించుకునేవాడు మనిషి, పోసింది ఒక పనికోసం.

అందుకే చివరికి నూనె లేకుండానే అభిషేకం సాధ్యమైంది. పారసీక చక్రవర్తి కోరెషు ఇశ్రాయేలీయుడు కాడు. అయినా యెషయా 45వ అధ్యాయం అతణ్ణి యెహోవా అభిషేకించినవాడంటుంది. చెరలో ఉన్న ప్రజను విడిపించే పని అతనికి అప్పగించాడు కాబట్టి. యేసును నియమించినదీ నూనెతో కాదు. ‘పరిశుద్ధాత్మతోను శక్తితోను అభిషేకించెను’ అంటుంది అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయం. యోహాను మొదటి పత్రికలోనైతే విశ్వాసులందరూ ‘పరిశుద్ధునివలన అభిషేకము పొందినవారు’.

ఇప్పుడు మీ ప్రయోగాలు. ‘ఆయన వాక్యంలో అభిషేకం ఉంది’ అన్నది ఈ యోహాను పత్రిక దారిలో వచ్చిన వాడుక. ఆత్మ ప్రేరణ ఉంది, బలం ఉంది అనే అర్థంలో పెంతెకొస్తు సంఘాల నుంచి మిగతావారికీ పాకింది. వ్యాకరణరీత్యా తప్పనలేం, లక్ష్యార్థమని సరిపెట్టుకోవచ్చు. కానీ ‘మంచి అభిషేకం’, ‘ఎక్కువ అభిషేకం’, ‘అభిషేకం తగ్గింది’ అంటూ కొలతలు పెడితే మాట అర్థం జారిపోతుంది. నియామకానికి ఎక్కువ తక్కువలు ఉండవు. సౌలు తనను చంపాలని వెంటాడుతున్నా, గుహలో చేతికి చిక్కినప్పుడు దావీదు అతని మీద చెయ్యి వేయలేదు. యెహోవావలన అభిషేకం పొందినవాడన్నదే అతను చెప్పిన కారణం. సౌలు బుద్ధి చెడింది, అభిషేకం చెరగలేదు.

‘రెండంతల అభిషేకం’ ఇంకో రకం. అది ఎలీషా ఏలీయాను అడిగిన కోరికలోంచి పుట్టింది. గ్రంథంలో ఉన్న మాట మాత్రం ‘నీకు కలిగిన ఆత్మలో రెండుపాళ్లు’. అక్కడ అభిషేకమనే మాటే లేదు. రెండుపాళ్లంటే ఏలీయాకున్నదానికి రెట్టింపు అని చాలామంది అనుకుంటారు. ద్వితీయోపదేశకాండం ప్రకారం తండ్రి ఆస్తిలో జ్యేష్ఠుడి వాటా రెండు పాళ్లు. నన్ను పెద్దకొడుకుగా, వారసుడిగా చూసుకోమని ఎలీషా అడిగాడన్నమాట. ప్రసంగించేవారు ‘రెండుపాళ్లు’ అనే అంటే మూలానికీ మంచిది, తెలుగుకూ మంచిది.

‘అభిషేక తైలం’ సాధువే. నిర్గమకాండం 30వ అధ్యాయంలో దాని తయారీ ఉంది: గోపరసం 500 తులాలు, లవంగిపట్ట 500, సుగంధపు దాల్చిన 250, పరిమళపు గడ్డి 250, వీటికి ఒలీవ నూనె. తెలుగులో దానికి పెట్టిన పేరు ‘ప్రతిష్ఠాభిషేకతైలము’. అలాంటిది ఇంకెవరూ చేయకూడదనీ, మామూలు మనుషుల ఒంటికి రాయకూడదనీ అక్కడే ఉంది. రోగుల కోసం ప్రార్థించి ఇచ్చే చిన్న సీసాలోది ఆ తైలం కాదు, యాకోబు చెప్పిన నూనె. దాన్ని ‘ప్రార్థన నూనె’ అనే సంఘాలూ ఉన్నాయి. ఆ పేరే నాకు నచ్చుతుంది.

తెలుగు కతోలికులు ఈ విషయంలో మరింత జాగ్రత్తపడ్డారు. నేను పైన పక్కన పెట్టిన అభ్యంగనాన్ని వాళ్లు ఎత్తుకుని వాడుకున్నారు. జ్ఞానస్నానం తర్వాత విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారం ‘భద్రమైన అభ్యంగనం’. మరణశయ్య మీద ఉన్నవారికి నూనె పూసే సంస్కారం ‘అవస్థాభ్యంగనం’. గురువు (ఫాదర్) అయ్యే సంస్కారానికి మాత్రం ‘గురుపట్టాభిషేకం’, పట్టంతో సహా. రోగికి అభ్యంగనం, పదవికి అభిషేకం: ఇంత చక్కటి విభజన ఎవరు చేశారో గానీ తెలుగు తెలిసినవారే. రెండవ వాటికన్ మహాసభ 1963లో అవస్థాభ్యంగనం ప్రాణం పోయేవేళకే పరిమితం కాదంది. అందుకని ఇప్పుడు ‘వ్యాధిగ్రస్తుల అభ్యంగనం’ అంటున్నారు. మా వీధిలో పెద్దవాళ్లు ఇంకా అవస్థ అనే అంటారు. ఫాదర్‌గారు నూనె సీసాతో మెట్లెక్కుతుంటే ఇంట్లో ఏడుపులు మొదలవడానికి ఆ పాత పేరు కూడా ఒక కారణం.

ఇక మీ కార్డు. ‘అభిషేక మహోత్సవం’ నిక్షేపంగా వేయించండి. ‘పాస్టర్‌గా’ అన్న ముక్క మాత్రం వదలకండి. ‘అభిషేకించబడుచున్న’ అని రాయకండి. ‘బడు’ చేర్చిన క్రియ తెలుగు నోట పలకదు. బైబిలు అనువాదాల అలవాటు వల్ల క్రైస్తవ రచనల్లో ఎక్కువైంది. ‘మా కుమారుణ్ణి సంఘ పెద్దలు పాస్టర్‌గా అభిషేకించే సందర్భంగా’ అంటే చేసేవారెవరో, చేయించుకునేవారెవరో తేటగా ఉంటుంది. పొట్టిగా కావాలంటే ‘పాస్టర్‌గా అభిషిక్తుడవుతున్న’ అనండి. ఆడవారైతే ‘అభిషిక్తురాలు’. అచ్చులో ‘అభిషేకితుడు’, ‘అభిషక్తుడు’ అనే రూపాలు కూడా కనబడుతున్నాయి. రెండూ తప్పే. సిచ్ మీద క్త ప్రత్యయం చేరితే ‘సిక్త’, ముందు అభి ఉండటంతో స కాస్తా ష అవుతుంది. నిషేధంలో, ప్రతిష్ఠలో జరిగిందీ ఇదే. డీటీపీ వాళ్లు ప్రూఫు ఇచ్చాక ‘ష’కు గుడి ఉందో లేదో ఒకసారి చూసుకోండి, ఎక్కువగా ఎగిరిపోయేది అదే.