చిట్టీ ఇప్పుడే పాడకండి, ముందు ఆ మెయిల్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో చూడండి

ప్రశ్న: మాది నారాయణపేట జిల్లా. తొమ్మిదేళ్లుగా హైదరాబాద్ నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌గా చేస్తున్నా. మా బిడ్డ బీకాం కంప్యూటర్స్ రెండో ఏడాది చదువుతోంది. ఇంట్లో కంప్యూటర్ లేదు. ఫోన్ మాత్రం బాగా వాడుతుంది, అది కూడా మా అబ్బాయిది, వాడు సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చాకే దొరుకుతుంది. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల ఫుల్ స్టాక్ కోర్సుకు 65 వేలు అడుగుతున్నారు. ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. చిట్టీ పాడి కడదామనుకుంటున్నా. కట్టమంటారా?
– ఒక తండ్రి

జవాబు:

అన్నా, ఇప్పుడే చిట్టీ పాడకండి. ఒక ఆరు నెలలు ఆగండి. మీ అమ్మాయికి తెలివి లేదనో, ఫుల్ స్టాక్, అంటే వెబ్‌సైట్లను మొదటి నుంచి చివరిదాకా తయారుచేసే కోడింగ్, పనికిరాని కోర్సు అనో చెప్పడం లేదు. అలాంటి క్లాసులో మొదటి రోజే ‘ఈ ఫోల్డర్ తెరవండి, ఫైల్ పేరు మార్చి ఇక్కడ సేవ్ చేయండి’ అంటారు. ఎలా చేయాలో చెప్పరు, అది వచ్చినవాళ్లే వచ్చి కూర్చున్నారనుకుంటారు. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలు అక్కడే ఆగిపోతారు. పక్కవాళ్లను అడగడానికి సిగ్గు, సార్‌ను అడగడానికి భయం. రెండో నెలకు మానేస్తారు. కట్టిన ఫీజు తిరిగి రాదు. నా దగ్గరికి ఏటా ఇలాంటి పిల్లలు వస్తూనే ఉన్నారు.

గ్యారంటీ అన్నారు కదా, ఉద్యోగం రాకపోతే ఎంత తిరిగిస్తారో, ఎన్ని రోజుల్లో ఇస్తారో కాగితం మీద రాసివ్వమని అడిగి చూడండి. వాళ్లు నీళ్లు నమిలితే మీకే అర్థమవుతుంది.

బిడ్డ ఫోన్ బాగా వాడుతుందన్నారు. పోయిన ఏడాది నగరంలోని ఒక డిగ్రీ కాలేజీలో ఫైనలియర్ పిల్లలతో కూర్చున్నాను. ఒకమ్మాయి ఫోన్‌లో రెండు బొటనవేళ్లతో చకచకా టైప్ చేస్తోంది, నేను చూస్తుండగానే మెసేజ్ వెళ్లిపోయింది. అదే అమ్మాయిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, రెజ్యూమె మెయిల్‌కు అటాచ్ చేసి పంపమన్నాను. చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంది. ఫైల్ సేవ్ చేసింది గానీ అది ఎక్కడికి పోయిందో దొరకలేదు. ఇరవై నిమిషాలయ్యాక కళ్లలో నీళ్లు తిరిగాయి. ‘సార్, నాకు కంప్యూటర్ వచ్చనుకున్నా’ అంది. అందులో ఆ అమ్మాయి తప్పేముంది? ల్యాబ్‌లో ఒక్కో సిస్టమ్ ముందు నలుగురు కూర్చుంటే మౌస్ పట్టేది ఒక్కరే, మిగతా ముగ్గురూ మూడేళ్లూ చూస్తూ గడిపేస్తారు. ఫోన్‌లో వీడియో చూడటం, మెసేజ్ పెట్టడం వేరు. ఒక పని మొదలుపెట్టి, పూర్తిచేసి, ఫైల్‌గా ఇంకొకరికి పంపడం వేరు. జీతం ఇచ్చేది ఆ రెండోదానికే.

అందుకే ఈ రాత్రి మీ అమ్మాయిని ఒక్క మాట అడగండి: నీ మెయిల్ ఐడీ ఎవరు తెరిచారు, పాస్‌వర్డ్ నీకు తెలుసా? డిగ్రీ అడ్మిషన్‌కు దోస్త్‌లో అప్లై చేసేటప్పుడు మన పిల్లల్లో చాలామంది ఇంటర్నెట్ సెంటర్‌కే వెళ్తారు. అక్కడి అబ్బాయి ఐదు నిమిషాల్లో మెయిల్ తెరిచి, తనకు గుర్తుండే పాస్‌వర్డ్ పెట్టి పని కానిచ్చేస్తాడు. ఆ ఐడీయే స్కాలర్‌షిప్‌కూ, ఉద్యోగానికీ అన్నిటికీ నడుస్తుంది. నాకు తెలిసిన ఒక అమ్మాయికి ఇంటర్వ్యూ పిలుపు అలాంటి మెయిల్‌కే వచ్చింది. ఆమె దాన్ని తెరిచి చూసేసరికి మూడు వారాలు దాటిపోయాయి. అంతకంటే బాధపెట్టే సంగతి నాకు ఇంకొకటి లేదు, ఎందుకంటే అది చదువులో వెనకబడి పోగొట్టుకున్నది కాదు. మీ అమ్మాయిదీ అలాంటి ఐడీయే అయితే పాస్‌వర్డ్ మార్పించండి, రికవరీ నంబర్‌గా ఆమె నంబర్ పెట్టించండి.

ఆమె నంబర్ అంటే ఆమె పేరు మీదున్న సిమ్, ఆమె చేతిలో ఉండే ఫోన్. ఇది కొంచెం గట్టిగానే చెబుతున్నా, తప్పుగా అనుకోవద్దు. 2023లో అసర్ అనే విద్యా సర్వే వాళ్లు 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల పల్లెల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లలను కలిశారు. స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చిన అబ్బాయిల్లో 43.7 శాతం మందికి సొంత ఫోన్ ఉంది. అమ్మాయిల్లో 19.8 శాతం మందికే ఉంది. మీ ఇంట్లోనూ ఫోన్ అబ్బాయి జేబులోనే ఉంది. ఓటీపీ వచ్చిన ప్రతిసారీ అన్న కోసం ఎదురుచూస్తే ఏ దరఖాస్తూ టైమ్‌కు పూర్తికాదు. 65 వేలలో పదో వంతు పెడితే మామూలు ఫోన్ ఒకటి వస్తుంది. ముందు అది కొనివ్వండి.

తర్వాత కంప్యూటర్. కొత్త ల్యాప్‌టాప్ అక్కర్లేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అని కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్ ఉంది కదా, అక్కడ ఆఫీసులు వాడి తీసేసిన డెస్క్‌టాప్‌లు దొరుకుతాయి. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్నది అడగండి, విండోస్ వేసి ఇమ్మనండి. షాపులోనే ఆన్ చేయించి అరగంట వాడి చూడండి, బిల్లు లేకుండా తీసుకోవద్దు. అదీ ఇప్పుడు కష్టమనుకుంటే, కాలేజీ ల్యాబ్ ఇన్‌చార్జిని క్లాసులయ్యాక రోజూ ఒక గంట కూర్చోనివ్వమని అమ్మాయినే అడగమనండి. అడిగే పిల్లలు తక్కువ, అందుకే చాలామంది కాదనరు.

నేర్చుకోవడానికి ముందే డబ్బు పెట్టాల్సిన పని లేదు. ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్స్ ఉన్నాయి. ఒక్కో పాఠం సుమారు పది నిమిషాలు, చాలావాటికి తెలుగు ఆడియో ఉంది. వీడియో కాస్త చూడటం, ఆపి అదే పని తన కంప్యూటర్‌లో చేయడం, మళ్లీ చూడటం. ఈ పద్ధతి నాకు నచ్చుతుంది, ఎందుకంటే చేతులు కదలకుండా ముందుకు పోనివ్వదు. లిబ్రే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఉచితమే, అందులో లెక్కల షీట్లు చేసే క్యాల్క్‌తో మొదలుపెట్టమనండి. అది వస్తే ఎక్సెల్ వచ్చినట్టే. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వెబ్‌సైట్ ‘స్వయం’లో కూడా కోర్సులు ఉచితం, సర్టిఫికెట్ కోసం పరీక్ష రాస్తేనే ఫీజు.

ప్రాక్టీసుకు పుస్తకంలోని లెక్కలు వద్దు. ఎండాకాలం మీ అపార్ట్‌మెంట్‌కు వాటర్ ట్యాంకర్లు వస్తాయి కదా, ఆ రిజిస్టర్ మీ దగ్గరే ఉంటుంది. దాన్ని షీట్‌లో ఎక్కించమనండి. తేదీ, టైమ్, ఎన్ని లీటర్లు, ఎంత కట్టారు. కింద మొత్తం రావాలి. ఏ నెల ఎన్ని ట్యాంకర్లో విడిగా తీయాలి. మొదట్లో తేదీలు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా పడతాయి. ‘12000’ పక్కన ‘లీ.’ అని కూడా కొట్టేస్తే మొత్తం సరిగా రాదు. ఎందుకు రాలేదో వెతుక్కుంటూ ఆమె ఒక సాయంత్రమంతా కూర్చుంటుంది. మీరు పిలిచి అన్నం తినమన్నా లేవదు. లేపకండి. ఆ రోజు నేర్చుకున్నది మర్చిపోదు. చివరికి దాన్ని పీడీఎఫ్ చేసి మీ అసోసియేషన్ సెక్రటరీకి మెయిల్ చేయమనండి. ఆ పెద్దమనిషి రేపు ఎక్కడైనా ఒక మాట చెప్పడానికి ఇంతకంటే మంచి కారణం ఉండదు.

టైపింగ్ రోజూ అరగంట, కీబోర్డు చూడకుండా. కేంద్ర ప్రభుత్వ క్లర్కు ఉద్యోగాలకు పెట్టే ఎస్ఎస్‌సీ సీహెచ్ఎస్ఎల్ పరీక్షలో ఇంగ్లిష్‌కు నిమిషానికి 35 పదాలు అడుగుతారు, దాన్నే గురి పెట్టుకోమనండి. తెలుగు టైపింగ్ కూడా నేర్పించండి. ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతి కాదు, ఒక్కో కీకి ఒక్కో తెలుగు అక్షరం ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు. విండోస్‌లోనే ఉంటుంది, సెట్టింగ్స్‌లో తెలుగు కలుపుకుంటే చాలు. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. షిఫ్ట్ పట్టి ‘డి’ కొడితే అ. ‘సి’ కొడితే మ. ఒట్టి ‘డి’ కొడితే పొల్లు, మళ్లీ ‘సి’. అమ్మ అయింది. వకీళ్ల ఆఫీసుల్లో, పత్రికల్లో, మీసేవ కేంద్రాల్లో తప్పుల్లేకుండా తెలుగు కొట్టేవాళ్లకు ఎప్పుడూ పని ఉంటుంది.

మీ అమ్మాయిది బీకాం కాబట్టి మూడో నెల నుంచి అకౌంట్లు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీ మొదలుపెట్టవచ్చు. లైసెన్స్ కొనకుండానే ఎడ్యుకేషనల్ మోడ్‌లో నడుస్తుంది. కాకపోతే వోచర్లు, అంటే లావాదేవీల ఎంట్రీలు, నెలలో 1, 2, 31 తేదీలకే పడతాయి, ప్రాక్టీసుకు అది చాలు. ట్యాలీ, జీఎస్టీ లెక్కలు, ఎక్సెల్ ఈ మూడూ చేతికొస్తే డిగ్రీ అయిపోగానే అకౌంట్స్ అసిస్టెంట్‌గా చేరవచ్చు. మీ అమ్మాయి కాలేజీ తెలంగాణ ప్రభుత్వ నైపుణ్య శిక్షణ సంస్థ టాస్క్‌లో రిజిస్టర్ అయి ఉందేమో కూడా కనుక్కోండి, ఉంటే ట్రైనింగ్‌లు అక్కడే దొరుకుతాయి.

ఒక జాగ్రత్త. ఆన్‌లైన్‌లో వెతకడం మొదలుపెట్టగానే ‘ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ, రోజుకు రెండు వేలు’ అని మెసేజ్‌లు వస్తాయి. రిజిస్ట్రేషన్ ఫీజు, డిపాజిట్ అని ఒక్క రూపాయి అడిగినా అది మోసమే. ఒకవేళ డబ్బు పోతే భయపడి దాచుకోకుండా ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఇంట్లో తిడతారన్న టెన్షన్‌తో పిల్లలు రెండు రోజులు ఆగుతారు, ఆలోగా డబ్బు చేతులు మారిపోతుంది. ‘తిట్టను, ముందు నాకు చెప్పు’ అని మీరే ముందుగా చెప్పి ఉంచండి.

ఫుల్ స్టాక్ సంగతి ఆరు నెలల తర్వాత చూద్దాం. ఆ లోపు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పాఠాలు ఒక నెల ఉచితంగా చేయనివ్వండి. ఎవరూ చెప్పకుండా రోజూ గంట కూర్చుంటే, తప్పు వచ్చినప్పుడు విసుక్కోకుండా మళ్లీ ప్రయత్నిస్తే, అప్పుడు చిట్టీ పాడుదురు. నేనే మంచి చోటు వెతికిపెడతాను.

వేసవి సెలవుల్లో ఊరికి వెళ్తే బంధువుల పిల్లల్లో ఇంటర్ అయినవాళ్లు ఉంటారు. వాళ్ల మెయిల్ వాళ్ల చేతనే తెరిపించమనండి, పాస్‌వర్డ్ వాళ్లే పెట్టుకోవాలి, ఈమె పక్కన కూర్చుంటే చాలు.

ట్యాంకర్ల షీట్ పూర్తయ్యాక నాకూ పంపమనండి. సబ్జెక్ట్ ఖాళీగా వదలకుండా, ఫైల్‌కు సరైన పేరు పెట్టి, కింద తన పేరు రాసి. చూసి ఎక్కడ సరిచేయాలో రాస్తాను.