రోజంతా బండి నడిచినా బ్యాటరీ నిండదేం?

ప్రశ్న: మేం డెన్వర్‌లో ఉంటాం. పికప్ ట్రక్కు మీద ఎక్కించుకునే పాత క్యాంపర్ (పడక, ఫ్రిజ్, హీటర్ ఉండే చిన్న గది) ఒకటి కొన్నాం. పగలు ఆరు గంటలు నడిపినా, రాత్రి కొండల్లో ఆగితే తెల్లవారుజామున 3 గంటలయ్యేసరికి హీటర్ ఫ్యాను నీరసంగా తిరుగుతూ చల్లగాలి కొడుతోంది. క్యాంపర్ బ్యాటరీ మార్చి రెండు నెలలే అయింది. మళ్లీ మార్చాలా?

జవాబు: తొందరపడి మార్చకండి. ఆ హీటర్లో సెయిల్ స్విచ్ అనే చిన్న రేకు ఉంటుంది. ఫ్యాను గాలి గట్టిగా తగిలి అది కదిలితేనే గ్యాస్ వెలుగుతుంది. వోల్టేజీ పడిపోతే గాలి జోరు తగ్గుతుంది, రేకు కదలదు, మంట రాదు. ముందు చూడాల్సింది హీటర్‌ని కాదు, పగలు బ్యాటరీకి ఎంత చార్జింగ్ అందుతోందో.

దారిలో మీ ఫ్రిజ్ దేనిమీద నడుస్తోంది? గ్యాస్, 120 వోల్టుల ఇంటి కరెంటు, 12 వోల్టుల బ్యాటరీ మూడింటి మీదా నడిచే రకమైతే 12 వోల్టుల మీద 10 నుంచి 15 ఆంపియర్లు లాగుతుంది. ట్రక్కు నుంచి క్యాంపర్‌కి వచ్చే తీగ చాలా బళ్లలో సన్నం. 12 గేజ్ తీగ పోను 25 అడుగులు, రాను 25 అడుగులు అనుకుంటే నిరోధం సుమారు 0.08 ఓమ్. అందులో 15 ఆంపియర్లు పారితే 1.2 వోల్టులు దారిలోనే పోతాయి. ఆల్టర్నేటర్ (ట్రక్కు ఇంజను తిప్పే జనరేటర్) దగ్గర 14.2 ఉన్నా మీ బ్యాటరీకి చేరేది 13. అంతతో అది నిండదు. బయల్దేరే ముందు రోజు రాత్రే ఇంటి కరెంటు మీద ఫ్రిజ్‌ని బాగా చల్లబరిచి, దారిలో ఆపేయండి. తలుపు తీయకుంటే కొన్ని గంటలు చల్లదనం నిలుస్తుంది. గ్యాస్ మీద పెట్టి నడపమని కొందరంటారు. పెట్రోలు పోయించుకునే చోట లోపల మంట వెలుగుతుండటం ప్రమాదం, మేం ఆ సలహా ఇవ్వం.

రెండోది ఎర్త్. చాలామంది పట్టించుకోనిది ఇదే. క్యాంపర్ రబ్బరు మ్యాట్ మీద కూర్చుంటుంది కాబట్టి ఇనుముకి ఇనుము తగలదు. కరెంటు తిరిగి వెళ్లడానికి ట్రక్కునీ క్యాంపర్‌నీ కలిపే ఏడు పిన్నుల ప్లగ్గులోని తెల్ల తీగే దిక్కు. ఇంజను స్టార్ట్ చేసి, ఫ్రిజ్‌ని 12 వోల్టుల మీద పెట్టండి. మీటరును 20 డీసీ మీద ఉంచి, ఒక కొనను పొడుగు వైరుతో ట్రక్కు బ్యాటరీ నెగెటివ్‌కీ, రెండోదాన్ని క్యాంపర్ బ్యాటరీ నెగెటివ్‌కీ పెట్టండి. పైన చెప్పిన తీగ అయితే 0.6 వోల్టు దాకా చూపడం మామూలే. 1 దాటితే ఎక్కడో పట్టు వదిలింది. అరగంట నడిపాక ప్లగ్గును చేత్తో తాకండి. వేడిగా ఉంటే లోపం అక్కడే. విప్పి చూస్తే పచ్చటి చిలుము, వదులైన స్క్రూ కనిపిస్తాయి. చిలుము పట్టిన మేర తీగ కత్తిరించి, ఎర్రగా మెరిసే రాగి వచ్చేదాకా ఒలిచి బిగించండి. ప్లగ్గుకు అసలు 12 వోల్టులే రాకపోతే ట్రక్కు ఫ్యూజ్ పెట్టెలో ట్రైలర్ చార్జింగ్ ఫ్యూజూ రిలే ఉన్నాయో లేదో చూడండి.

ఏటా ఎక్కువగా తిరిగేవారైతే 20 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ (దారిలో తగ్గిన వోల్టేజీని మళ్లీ పెంచి బ్యాటరీకి ఇచ్చేది) పెట్టించుకోవడమే మేలు. పాజిటివ్‌కీ నెగెటివ్‌కీ విడిగా 6 గేజ్ కేబుల్ (గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావు) లాగించి, ట్రక్కు బ్యాటరీ పక్కనే 40 ఆంపియర్ల ఫ్యూజ్ వేయించండి.

ప్రశ్న: క్యాంపర్‌కి కొత్త బ్యాటరీ నేనే బిగించాను. అప్పటినుంచి ఇంటి ప్లగ్గుకు పెట్టినా చార్జ్ కావట్లేదు.

జవాబు: నల్ల తీగను నెగెటివ్‌కి బిగించారా? కార్లలో అది సరే. అమెరికన్ క్యాంపర్లలో చాలావాటికి ఇంటి వైరింగ్ లెక్కన నల్లది పాజిటివ్, తెల్లది నెగెటివ్. తిరగేసి పెడితే కన్వర్టర్‌లోని (ఇంటి కరెంటును 12 వోల్టులుగా మార్చి బ్యాటరీని చార్జ్ చేసే పెట్టె) రివర్స్ పోలారిటీ ఫ్యూజులు వెంటనే పోతాయి. పక్కపక్కన రెండు, 30 లేదా 40 ఆంపియర్లవి ఉంటాయి. ఇంటి ప్లగ్గు పీకి, బ్యాటరీ రెండు తీగలూ విప్పి, అదే ఆంపియర్లవి వేయండి. తీగలు ఎక్కడికి వెళ్తున్నాయో చేత్తో పట్టుకుని చూసుకున్నాకే మళ్లీ బిగించండి. ప్లగ్గు పెట్టాక బ్యాటరీ మీద 13.6 వోల్టులో, అంతకన్నా కాస్త ఎక్కువో చూపాలి. 12.6 దగ్గరే ఆగిపోతే కన్వర్టర్‌ని పరీక్ష చేయించాల్సిందే.