జనవరి 26: ముందు తేదీ, తరువాత రాజ్యాంగం

ప్రశ్న: రాజ్యాంగం 1949 నవంబరు 26నే ఆమోదం పొందింది కదా, మరి అమలుకు జనవరి 26 దాకా రెండు నెలలు ఎందుకు ఆగారు? పిల్లలు అడిగితే ఏం చెప్పాలి? – సోషల్ టీచరు, నరసరావుపేట

జవాబు: రాజ్యాంగం కంటే ఆ తేదీయే ఇరవై ఏళ్లు పెద్దదని చెప్పండి. 1929 డిసెంబరులో లాహోరు కాంగ్రెస్ మహాసభ, నెహ్రూ అధ్యక్షతన, ఇక సంపూర్ణ స్వరాజ్యమే లక్ష్యమని తీర్మానించింది. డిసెంబరు 31 అర్ధరాత్రి రావి నది ఒడ్డున జెండా ఎగరేశారు. ఆ తరువాత జనవరి చివరి ఆదివారాన్ని, అంటే 1930 జనవరి 26ను, దేశమంతా ప్రతిజ్ఞ చదివే రోజుగా నిర్ణయించారు. అక్కడి నుంచి 1947 వరకు ఏటా ‘స్వాతంత్ర్య దినం’ అంటే జనవరిలో వచ్చేదే.

ఆ ప్రతిజ్ఞ ఈనాటి ప్రసంగాల్లా ఉండదు. మన సగటు ఆదాయం రోజుకు ఏడు పైసలని (రూపాయికి 64 పైసల లెక్క), కట్టే పన్నుల్లో 20 శాతం రైతుల భూమిశిస్తు, 3 శాతం ఉప్పు పన్ను అని అంకెలతో సహా చెప్పింది. చేతి వడుకు వంటి పల్లె వృత్తులు చితికిపోయిన సంగతినీ ఎత్తింది. ఏడు వారాలు తిరగకముందే, మార్చి 12న, గాంధీ దండికి బయలుదేరారు. ఈ రెండూ కలిపి చెబితే పిల్లలకు ఉప్పు సత్యాగ్రహం కూడా అర్థమవుతుంది.

అధికార మార్పిడికి ఆగస్టు 15ను ఎంచినవాడు చివరి బ్రిటిష్ వైస్రాయి మౌంట్‌బాటెన్. అది జపాన్ లొంగుబాటుకు రెండో వార్షికోత్సవం. దాంతో పదిహేడేళ్లుగా జనం నోట నానిన జనవరి 26 పనిలేకుండా మిగిలిపోయింది. అందుకే పౌరసత్వం, ఎన్నికల సంఘం వంటి కొన్ని అధికరణాలను 1949 నవంబరులోనే అమల్లోకి తెచ్చి, మిగతా రాజ్యాంగమంతా 1950 జనవరి 26 నుంచి అమలు కావాలని 394వ అధికరణంలో రాశారు. రాజ్యాంగ సభ సభ్యులు సంతకాలు చేసింది జనవరి 24న. ఆ రోజే రాజేంద్రప్రసాద్‌ను రాష్ట్రపతిగా ఎన్నుకున్నారు, ‘జనగణమన’ జాతీయ గీతమైంది. కాబట్టి ‘రాజ్యాంగం జనవరి 26న రాశారు’, ‘ఆ రోజు ఆమోదించారు’ అనే వాక్యాలు రెండూ తప్పే. వేదికల మీద ఏటా వినిపిస్తూనే ఉంటాయి.

అప్పటిదాకా బ్రిటన్ రాజు ఆరో జార్జే మనకూ రాజు. నడిచింది ప్రధానంగా 1935 నాటి బ్రిటిష్ చట్టం, కొద్ది మార్పులతో. ఆ రాచరికపు ముడి తెగింది జనవరి 26న. ఇప్పుడు మాత్రం ఆ రోజనగానే ఢిల్లీ కవాతు గుర్తొస్తుంది. మొదటి కవాతు జరిగింది ఇర్విన్ స్టేడియంలో. రాజ్‌పథ్ (నేటి కర్తవ్యపథ్) దానికి స్థిరమైన చోటు కావడం 1955 నుంచి. 2015లో నవంబరు 26ను రాజ్యాంగ దినోత్సవంగా ప్రకటించాక, రాజ్యాంగానికి సొంత రోజొకటి వచ్చింది. మా దృష్టిలో జనవరి 26కు ఇప్పుడు తిరిగి కావలసింది 1930 ప్రతిజ్ఞే. ఈసారి పిల్లల చేత ఒక పేరా చదివించండి.

ప్రశ్న: నిజాం సంస్థానానికి కూడా అదే రోజు గణతంత్రం వచ్చిందా? – పాఠకుడు, వరంగల్

జవాబు: వచ్చింది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత హైదరాబాద్ భారత్‌లో కలిసింది. రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ 1949 నవంబరులో నిజాం ఫర్మానా ఇచ్చారు. 1950 జనవరి 26న ఆయనే రాజప్రముఖ్ (గవర్నరు వంటి పదవి) అయ్యారు, ఎం.కె. వెల్లోడి ముఖ్యమంత్రి అయ్యారు. ఆంధ్ర జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి.

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో మా తెలుగువాళ్లం ఆ రోజు జెండా ఎగరేస్తుంటే, బయట నిరసన ఊరేగింపులు జరుగుతుంటాయి. రెంటికీ సంబంధం ఉందా? – పాఠకురాలు, మెల్‌బోర్న్

జవాబు: తేదీ కలవడం కాకతాళీయం. అక్కడ ఆ రోజు ‘ఆస్ట్రేలియా డే’. 1788 జనవరి 26న ఆర్థర్ ఫిలిప్ సిడ్నీ తీరంలో బ్రిటిష్ జెండా పాతాడు. అక్కడి ఆదివాసులు 1938లోనే ఆ రోజును సంతాప దినంగా పాటించారు. రాష్ట్రాలన్నీ ఒకేసారి ఆ తేదీనే సెలవు ఇవ్వడం 1994 నుంచి. ఒకే తేదీన ఒకచోట బ్రిటిష్ పాలన మొదలైంది, మరొకచోట దానికి ఆఖరి ఆనవాలు పోయింది. మీ సభలో ఈ మాట ఒకటి చెప్పడం మర్యాద అని మా ఉద్దేశం.

ప్రశ్న: క్రితంసారి మా బడిలో తాడు ఎంత లాగినా జెండా విప్పుకోలేదు. ఎలా కట్టాలి? – హైస్కూలు పి.ఈ.టి., ఖమ్మం

జవాబు: జనవరి 26న ముడిచిన జెండాను ముందే పైకి చేర్చి విప్పుతారు, ఆగస్టు 15న కింది నుంచి ఎగరేస్తారు. ఇది ఆచారం. మీ ఇబ్బంది దాదాపు ఎప్పుడూ ముడిలోనే ఉంటుంది.

జెండాను శుభ్రమైన బల్ల మీద పరిచి, కాషాయం వైపు తాడు పై కొసకు కట్టారో లేదో ఇద్దరు చూడండి. తలకిందుల జెండాలకు కారణం ఈ ఒక్క చోటే. కాషాయ, ఆకుపచ్చ పట్టీలను తెలుపు మీదికి మడిచి, గుప్పెడు పొడి పూరేకులు వేయండి. జెండాలో వేరే ఏ వస్తువూ పెట్టకూడదు కానీ, జాతీయ దినాల్లో రేకులకు జెండా నియమావళి అనుమతి ఉంది. కాడలున్న బంతిపూలు, తడి పూలు వద్దు, గుడ్డకు అంటుకుంటాయి. ఎగిరే కొస నుంచి తాడు వైపుకు వదులుగా చుట్టి, లాగే తాడుతోనే ఒక్క చుట్టు వేసి జారుముడి వేయండి. రెండో ముడి వేస్తే లాగేకొద్దీ బిగుస్తుంది. నూలు తాడు రాత్రి మంచుకు తడిస్తే ఉబ్బుతుంది, కాబట్టి ముడి వేసేది తెల్లవారాకే. కప్పీకి ముందు రోజు చుక్క నూనె వేసి, పాత గుడ్డ ముడిచి పైకి పంపి ఒకసారి విప్పి చూడండి. లాగవలసిన తాడుకు దారం గుర్తు కట్టండి, ముఖ్య అతిథికి రెండు తాళ్ల తేడా తెలియదు.

పిల్లలను మూడు వైపులా నిలబెట్టండి, నాలుగో వైపు మధ్యలో స్తంభం ఉండాలి. హెడ్మాస్టరు, విప్పేవారు స్తంభానికి మూడు అంగల వెనుక నిలుస్తారు. గీతం నిడివి సుమారు 52 సెకన్లు. కాగితపు జెండాలను నేల మీద పడనీయకుండా ముందే ఒక సంచి పెట్టండి. చిరిగిన జెండాను జనం మధ్య కాకుండా, గౌరవంగా, వీలైతే కాల్చి తీసేయాలి.