సంక్రాంతికి కొట్టుకుపోయిన సంకల్పాలు

శ్రీకాకుళం,
రథసప్తమి వెళ్లిన మూడో రోజు

చిట్టీ,

నీ మెసేజ్ చూశాను. "అత్తా, ఈ ఏడాదీ అంతే. పదకొండు రోజులే. నా వల్ల కాదు" అని రాసి పక్కన ఏడుపు బొమ్మ పెట్టావు. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ఫోన్‌లో అయితే నువ్వు ఊఁ కొడుతూనే ఇంకేదో చూస్తుంటావు. అందుకే కాగితం తీశాను. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, కొంచెం పొడుగ్గానే సాగుతుంది. ఓర్చుకో.

ముందు ఆ పదకొండు రోజుల సంగతి. కొత్త ఏడాది తీర్మానాలని జనవరి 1న మొదలుపెట్టావు. పన్నెండో రోజుకి మీ ఇంట్లో అరిసెల పాకం పొయ్యెక్కింది, మీ చిన్నాన్న వాళ్లు హైదరాబాద్ నుంచి దిగారు. ఆ తర్వాత భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ. మన విజయనగరం, శ్రీకాకుళం ఇళ్లల్లో ఆ వారం తెల్లవారుజామున లేచి పుస్తకం పట్టుకునే మనిషిని నేనింతవరకు చూడలేదు. నన్నడిగితే మనవాళ్లు తీర్మానాలన్నీ ముక్కనుమ మర్నాడు చేసుకోవాలి. రెండు వారాల్లో ఇల్లంతా చుట్టాలతో నిండిపోతుందని తెలిసీ జనవరి 1న కూర్చుంటే ఎవరికి సాగుతుంది? కాబట్టి "నా వల్ల కాదు" అన్న మాట వెనక్కి తీసుకో.

నాకూ ఇలాగే అయింది. ఆరేళ్ల కిందట షుగర్ బయటపడింది గుర్తుందా? హెచ్‌బీఏ1సీ, అదే రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష, 8.6 వచ్చింది. రోజూ అరగంట నడవమన్నారు డాక్టరు గారు. నేనూరుకుంటానా? రెండు వేలు పోసి తెల్ల బూట్లు కొన్నాను. స్టాఫ్‌రూంలో చెప్పాను, వీధిలో చెప్పాను, కూరగాయలమ్మే అమ్మాయికీ చెప్పాను. నాగావళి ఒడ్డున తొమ్మిది రోజులు నడిచాను. పదో రోజు రథసప్తమి. అరసవల్లికి ఇంత దగ్గర్లో ఉన్నాం కదా, అర్ధరాత్రి దర్శనానికి వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లతో మన హాలు ధర్మసత్రమే. మూడు రోజులు నడక లేదు. నాలుగో రోజు పొద్దున ఇల్లు ఖాళీ, ఒంట్లో బాగానే ఉంది, బూట్లు గుమ్మం దగ్గరే ఉన్నాయి. అయినా వెళ్లలేదు. ఇంకేం నడక, తెగిపోయిందిగా అనిపించింది.

పక్కింటావిడ నవ్వుతూ "ఏటి పిన్నిగారూ, మానీసినారేటి?" అంది. ఆ ప్రశ్న తప్పించుకోవడానికి పెరటి దారిన బజారుకెళ్లిన రోజులున్నాయి! ఏడు నెలలు ఆ బూట్లు అక్కడే పడున్నాయి. చివరికి తీసి చూస్తే ఒకదాంట్లో బల్లి గుడ్లు పెట్టింది.

ఆలోచిస్తే, చుట్టాలున్న మూడు రోజుల వల్ల నాకేమీ కాలేదు. నన్ను ముంచింది ఎవరూ అడ్డుపడని ఆ నాలుగో రోజు.

ఆ మధ్యలోనే మీ మామయ్యకి పంచెలు కొందామని పొందూరు వెళ్లాం. అక్కడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేస్తారని నీకు తెలుసు కదా. ఒక ఇంట్లో ఒకావిడ రాట్నం ముందు కూర్చుని వడుకుతోంది. డెబ్భై దాటి ఉంటాయి. మేం మాట్లాడుతుండగానే పోగు పుటుక్కున తెగింది. ఆవిడ మాట ఆపలేదు. కదురు మీది కొసను వెతికి పట్టుకుని, చేతిలోని ఏకుకు ఆనించి, చక్రం కొద్దిగా తిప్పింది. పోగు మళ్లీ సాగింది. అరగంటలో ఎన్నిసార్లు తెగిందో నేను లెక్కపెడుతున్నానుగానీ, ఆవిడ పెట్టలేదు. తన మనవరాలి పెళ్లి ముచ్చట్లు చెబుతూనే ఉంది. మర్నాడు బల్లి గుడ్లు తీసి పారేసి బూట్లు వేసుకున్నాను.

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుందని నువ్వెక్కడో విన్నట్టున్నావు. ఆ అంకె 1960లో అమెరికాలో ఒక ప్లాస్టిక్ సర్జన్ రాసిన మాట నుంచి పాకింది. మారిన ముఖానికి రోగులు అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు, అంతే. తర్వాత లండన్‌లో 96 మంది మీద పరిశోధన చేస్తే సగటున 66 రోజులు తేలింది. కొందరికి 18 రోజులకే కుదిరితే, కొందరికి 254 పట్టేలా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదట. పన్నెండో రోజున ఓడిపోయానని నువ్వు ఏ లెక్కన తేల్చావో నాకు అంతుపట్టలేదు.

ఇప్పుడు నీ పట్టిక చూద్దాం. ఐదింటికి లేవడం, వాకింగ్, డీఎస్సీ చదువు, స్వీట్లు బంద్, ఫోన్ తగ్గించడం. ఐదు పెళ్లిళ్లకు ఒకే ముహూర్తం పెట్టినట్టుంది. డీఎస్సీ ఉంచుకో. మిగతావి వచ్చే ఏడాది చూద్దాం.

అదైనా ఎలా రాసుకున్నావు? "ఈ ఏడాది గట్టిగా చదవాలి." మొన్న పూజలో పంతులుగారు సంకల్పం చెబుతుంటే నాకు నువ్వే గుర్తొచ్చావు. సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం చెప్పారు. శ్రీశైలానికి ఈశాన్యాన అని ఎక్కడ కూర్చున్నామో చెప్పారు. గోత్రం, పేరు చెప్పారు. అవన్నీ అయ్యాకే ఏ పూజ చేస్తున్నామో అన్నారు. అన్నీ తెలిసిన దేవుడికే అంత వివరంగా అడ్రస్ చెబుతున్నామే! నీదీ అలాగే రాసుకో: రాత్రి అన్నం తిని కంచం కడిగిన వెంటనే, మెట్ల పక్క గదిలో, సైకాలజీ పుస్తకం, ఇరవై నిమిషాలు. ఫోన్ హాల్లో ఛార్జింగ్‌లో ఉండాలి. జ్వరమొచ్చినా, కరెంటు పోయినా ఒక్క పేజీ. ఇరవై నిమిషాలు ఏం సరిపోతుందంటావు. సరిపోదు. కుదురుకున్నాక గంట అవుతుంది, ముందు కూర్చోవడం రానీ.

గోడ క్యాలెండర్ మీద చదివిన రోజు టిక్ పెట్టు. తప్పిన రోజు ఇంటూ మాత్రం పెట్టకు, కారణం రాయి. నేను "చుట్టాలు", "వాన", "మోకాలు" అని రాసేదాన్ని. ఏడాది చివర చూస్తే సగానికి పైగా చుట్టాలే. అప్పటి నుంచి ఎవరొచ్చినా నాతో పాటు నడిపిస్తున్నాను. ఇద్దరు ముగ్గురు రావడం తగ్గించారు, అదీ లాభమే.

రోజూ మాక్ టెస్ట్ రాసి మార్కులు చూసుకుని ఏడవకు. రక్తంలో షుగర్ అంటుకునే ఎర్ర రక్తకణం ఇంచుమించు 120 రోజులు బతుకుతుంది. అందుకే నా షుగర్ పరీక్ష రెండు మూడు నెలల సగటు చెబుతుంది. వారం వారం చేయించుకుంటే డబ్బు దండగ. 7.2కి దిగడానికి నాకు ఏడాది పైనే పట్టింది. నువ్వు నెలకోసారి రాస్తే చాలు.

ఇంకోటి, నాలాగా ఊరందరికీ చెప్పకు. చెప్పగానే సగం పని అయిపోయినట్టుంటుంది, మానేశాక మొహం చాటెయ్యాలి. తోడు మాత్రం వెతుక్కో. మీకు దగ్గర్లోనే, నెల్లిమర్ల అవతల కొండవెలగాడ ఉంది కదా. అంత చిన్న ఊరి నుంచి అంతమంది వెయిట్‌లిఫ్టర్లు వచ్చారు. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషిదీ ఆ ఊరే. పొద్దున్నే పక్కింటి పిల్ల బరువులెత్తడానికి పోతుంటే ఎవరికైనా దుప్పట్లో నిద్రపడుతుందా? నీతో డీఎస్సీ రాసే స్నేహితురాలు ఒక్కతె ఉన్నా చాలు.

అలాంటివాళ్లు దొరికేదాకా నేనున్నాను. ఈ సోమవారం నుంచి రాత్రి తొమ్మిదింటికి నీకు ఒక మిస్డ్ కాల్ ఇస్తాను. పుస్తకం ముందుంటే ఎత్తకు. ఎత్తావంటే తెరవలేదని నాకు తెలిసిపోతుంది. ఫోన్ హాల్లో మోగుతుంటే ఎత్తొద్దని మీ అమ్మకీ చెప్పి ఉంచాను.

మీ అత్త